ఎంగిలి వేలు

ఆయన పోయిన రోజు ఆఫీసువాళ్లు ముందు కంప్యూటరుకు తాళం వేశారు. తరువాత నాకు ఫోను చేశారు.

ఈ వరస నాకు పైడిరాజే చెప్పాడు. ఇందులో దాచవలసింది ఉందని అతనికి తోచలేదు. మా ఆయన అప్పలనరసింహం భీమిలిలో తీర భూముల కార్యాలయంలో సూపరింటెండెంటు. పైడిరాజు పక్క సీటులో టైపిస్టు. భోజనం డబ్బా విప్పకముందే ఆయన తల బల్లమీద ఆనించారు. కునుకు తీస్తున్నారని అతను అనుకున్నాడు. కునుకు కాదని తెలిశాక గోడకు అంటించిన సూచనలు చూశాడు. సీటులో మనిషి స్పృహలో లేకపోతే ముందు ఆ మనిషి లాగిన్ ఆపాలని అందులో మొదటి సూచన.

"అయ్యగారే మాకు నేర్పినారమ్మా. తెరిసిన ఫైలు వదిలీసి మనిషెనకాల పరిగెట్టకండర్రా అనీవోరు" అన్నాడు పైడిరాజు, కళ్లు తుడుచుకుంటూ.

నేను తగరపువలస హైస్కూల్లో తెలుగు చెబుతాను. కబురు వచ్చేసరికి ఎనిమిదో తరగతిలో ఉన్నాను. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆఫీసుకు చేరి చూస్తే ఆయన మీద కిటికీ తెర కప్పారు. భోజనం డబ్బా ఫైళ్ల బీరువా మీద పెట్టారు. అన్నీ అయ్యాక ఎవరో ఆ డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద ఉంచారు. దాన్ని తెరవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అన్నం బూజు పట్టి ఉంది. బెండకాయ కూర జిగురు తీగలు సాగింది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఈ కథలో రాయబోయే విషయాలన్నిటికీ నాకు అదే వాసన వస్తుంది.

పన్నెండో రోజు వెళ్లాక ఆఫీసు నుంచి సంతాప తీర్మానం వచ్చింది. మొదటి రెండు వాక్యాలు మా ఆయన గురించి. మూడో వాక్యంలో కీర్తిశేషులు గొర్లె సన్యాసిరావు గారు ఒక్క ప్రమాదమూ లేకుండా ఆఫీసు జీపు నడిపిన తీరును కార్యాలయం ఎన్నటికీ మరవదని ఉంది. మా ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు. అలవాటుకొద్దీ ఎర్ర కలంతో ఆ వాక్యం కింద గీత పెట్టి కాగితాన్ని మడిచి లోపల ఉంచాను.

పైడిరాజు ఎదురైనప్పుడు అడిగాను. తమ ఆఫీసులో కొత్త ఉత్తరం ఎవరూ మొదలుపెట్టరని చెప్పాడు. పాత ఉత్తరం తెరుస్తారు, పేరు మారుస్తారు, తేదీ మారుస్తారు, సేవ్ నొక్కుతారు. ఎప్పుడైనా ఒక వాక్యం మిగిలిపోతుంది. సన్యాసిరావు తీర్మానం కూడా అంతకుముందు పోయిన ఎవరిదో చెరిపి రాసినదే. దాని కింద మరొకటి. తామెవరూ ఉద్యోగంలో చేరకముందు ఎవరో కొట్టిన ఉత్తరం ఒకటి ఆ ఆఫీసు ఉత్తరాలన్నిటికీ తల్లి అని అతను కొంచెం గర్వంగానే అన్నాడు. పెన్షను కాగితాలకు ఫైలు నంబరు, చిరునామా పనికొస్తాయని తీర్మానం కాపీ నాకు మెయిల్లో కూడా పంపాడు.

సుధన్వ మా ఆయన చెల్లెలి కొడుకు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా మా ఇంట్లోనే ఉండి చదివాడు. మాకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి నేనెన్నడూ ఎక్కువ ఆలోచించకపోవడానికి వాడే కారణం. ఇప్పుడు వాడు విశాఖలో కొండమీద పత్ర రక్షణ కేంద్రంలో పెద్ద ఇంజనీరు. రాష్ట్రంలో ప్రభుత్వ ఆఫీసులకు వచ్చే ఉత్తరాలన్నీ ఆ కేంద్రం దాటే వస్తాయి.

ఆ కేంద్రం అవసరం ఏమిటో, మా ఆయన ఉన్న రోజుల్లోనే, వాడు ఒక ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు తింటూ చెప్పాడు. వైరస్‌లు ఇదివరకటిలా తొందరపడటం లేదు. ఉత్తరంలో నక్కి కూర్చుంటాయి. తమను తెరిచింది మనిషా, పట్టుకోవడానికి వచ్చిన యంత్రమా అని చూస్తాయి. యంత్రమైతే మంచి ఉత్తరంలాగే పడి ఉంటాయి. మనిషైతే కాటు వేస్తాయి. అందుకని మనిషిలా ఉత్తరం చదివే యంత్రం ఒకటి కావాలి. కాటు దానికి పడాలి, ఆఫీసుకు పడకూడదు. కేంద్రంలో కుర్రాళ్లను కూర్చోబెట్టి వాళ్లు చదివే తీరు యంత్రానికి నేర్పి చూశారు. కుదరలేదు. వాళ్లు తెరుస్తారు, చర్రున కిందికి లాగుతారు, మూసేస్తారు.

"అలా చదివేవాళ్లు మనుషులంటే వైరస్ నమ్మడం లేదు మామయ్యా" అన్నాడు సుధన్వ.

మా ఆయన పకపకా నవ్వారు. నవ్వుతూనే పక్కనున్న పేపరు తిప్పబోయి చూపుడువేలు నాలుకకు తాకించారు. సుధన్వ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి ఆ వేలి వంక చూశాడు. ఆ చూపు నాకు జ్ఞాపకం ఉంది.

ఆ అలవాటంటే నాకు మొదటి నుంచీ అసహ్యం. పేజీ తిప్పే ముందు ఆయన వేలు నాలుక మీదికి వెళ్లేది. కంప్యూటరు వచ్చాక కూడా పోలేదు. మౌస్ చక్రం తిప్పే ముందు కూడా వేలు తడిచేసుకునేవారు. ఆ చక్రం ఎప్పుడూ జిడ్డుగా ఉండేది. నేను గుడ్డ తడిపి తుడుస్తూ ఎంగిలి వేలు, ఎంగిలి వేలు అని సణుగుతుండేదాన్ని. పరీక్షల రోజుల్లో నా పిల్లల జవాబు పత్రాలకు మార్కులు కూడి పెట్టేవారు. ప్రతి పత్రం మూలన ఒక చిన్న తడి మచ్చ. ఆరాక అక్కడ కాగితం ముడుచుకుపోయేది. పిల్లలు దాన్ని నా ముద్ర అనుకునేవారు.

రెండో అలవాటు మంచిదే. ఏ ఉత్తరమైనా ఆయన ముందు కిందికి వెళ్లి సంతకం చూసేవారు. ఆ తరువాతే పైకి వచ్చి మొదటి నుంచి చదివేవారు. ఎవరు రాశారో తెలియకుండా ఏం రాశారో ఎలా తెలుస్తుంది అనేవారు. పెళ్లయిన కొత్తలో నాకు పాడేరులో పోస్టింగు. వారానికో ఉత్తరం రాసేదాన్ని. ఆ ఉత్తరాల్లో కింద నా పేరు దగ్గరే చాలాసేపు ఉండిపోయేవారట. ఒకసారి బస్సు దిగగానే నేను రాసిన సంగతులేవో అడిగితే తెల్లమొహం వేశారు. "పేరు దాకా వచ్చాను త్రిపురా. పైన ఇంకా చదవాలి" అన్నారు.

సుధన్వకు కావలసిన మనిషి దొరికాడు. కొన్ని నెలలపాటు ఆయన వేలికి సన్నని ఉంగరంలాంటిది, కళ్లజోడు మూలన ఆవగింజంత పరికరం పెట్టుకుని ఆఫీసు ఉత్తరాలు చదివారు. చూపు ఎక్కడ ఆగింది, చెయ్యి ఎక్కడ తడబడింది, వేలు ఎప్పుడు నాలుకకు వెళ్లింది, అన్నీ అవి పట్టుకున్నాయి. నేను ప్రశ్నపత్రాలు తయారు చేసి తప్పులు చూడమని బడి నుంచి ఆయనకు మెయిల్ చేసేదాన్ని. కింద నా సంతకం ఉండేది. వాటినీ ఆ ఉంగరంతోనే చదివారు.

"నేను చదివింది దానికి అర్థమవుతుందట్రా?" అని అడిగారు మేనల్లుణ్ని.

"అర్థంతో పని లేదు మామయ్యా. ఎలా చదువుతావో అదొక్కటే."

"అర్థం కాకుండా చదవడమా? మా ఆఫీసులో కావలసినంత మంది ఉన్నారు కదరా. వాళ్లని పట్టుకుపోయుంటే ఈ ఉంగరం బాధ నాకు తప్పును."

ఆ తరువాత ఇంకో మాట అన్నారు. గేలానికి గుచ్చే వానపామును నేనన్నమాట అన్నారు. ముగ్గురం నవ్వుకున్నాం. అంగీకార పత్రం సుధన్వే తెచ్చాడు. ఆయన అలవాటు ప్రకారం ముందు కింద చూశారు. మేనల్లుడి పేరు ఉంది. ఇక పైకి వెళ్లి చదవలేదు. సంతకం పెట్టేశారు.

సంవత్సరీకం అయిన తరువాత సుధన్వ నన్ను కేంద్రానికి తీసుకువెళ్లాడు. ఆ రోజు వాళ్లకేదో వేడుక. యంత్రాల గది తలుపుకు పసుపు రాసి బొట్లు పెట్టారు. డైరెక్టర్ చక్రపాణి గారు నాకు శాలువా కప్పారు. రాష్ట్రంలో ఏ మూల ఆఫీసుకు ఏ ఉత్తరం వచ్చినా దాన్ని ముందుగా తెరిచేది నరసింహం గారేనని, ఆయన మరణించలేదని, ప్రతి ఆఫీసు గుమ్మంలోనూ కాపలా ఉన్నారని మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. మంచి ఉపన్యాసమే. పిల్లల చేత అప్పగించడానికి పనికొస్తుంది.

తరువాత సుధన్వ నన్ను లోపలి గదికి తీసుకెళ్లాడు. గోడంత తెర. ఇద్దరు కుర్రాళ్లు మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. తెర మీద ఏదో టెండరు కాగితం తెరుచుకుంది. బాణం గుర్తు నిదానంగా కిందికి జారింది. సంతకం దగ్గర ఆగింది. మళ్లీ పైకి వచ్చింది. ఒక్కొక్క వరుసా చదువుకుంటూ దిగి, పేజీ చివర, కదలకుండా కొద్దిసేపు నిలిచింది.

ఆ నిలవడం ఏమిటో ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. వేలు నాలుకకు వెళ్లింది. నా చెయ్యి తనంతట తాను తడిగుడ్డ కోసం వెతికింది.

అంతలో బాణం గడ్డకట్టినట్టు ఆగిపోయింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి కుప్పయ్యాయి. తెర నల్లబడింది.

"నరసింహం పోయాడ్రా" అన్నాడు ఒక కుర్రాడు.

"కడిగెయ్. ఇంకొకణ్ణి లేపు."

"పొద్దున్నుంచీ టీ తాగనివ్వట్లేదు వీడు. తెగ పోతన్నాడు."

సుధన్వ దగ్గాడు. వాళ్లు వెనక్కి తిరిగి నన్ను, నా శాలువాను చూసి లేచి నిలబడ్డారు. సారీ మేడం అన్నాడొకడు. ఏ మాటకో చెప్పలేదు. వాళ్ల వెనక తెర మళ్లీ వెలిగింది. మరో ఉత్తరం తెరుచుకుంది. బాణం నిదానంగా కిందికి జారింది.

బయటికి వచ్చాక సుధన్వను అడిగాను, రోజుకు ఎన్నిసార్లు అని.

"లెక్కపెట్టం అత్తా."

"ఎందుకు పెట్టరు?"

"చావైతే లెక్కపెడతారు. ఇది చావు కాదు. కాటు పడిన నకలును చెరిపేసి ఇంకో నకలు తెరవడం. అది మామయ్య కాదు. మామయ్య చెయ్యి, అంతే."

గేటు దగ్గర కుళాయి ఉంటే చేతులు కడుక్కున్నాను. అక్కడ నేనేదీ ముట్టుకోలేదు. అయినా మోచేతుల దాకా కడుక్కున్నాను. శాలువా బస్సులో మరిచిపోయానని తరువాత సుధన్వకు చెప్పాను. మరిచిపోలేదు, సీటు మీద వదిలేశాను.

దాన్ని ఆపించమని వాణ్ణి అడిగాను. తన చేతిలో లేదన్నాడు. మనిషి పోయిన తరువాత ఆ మనిషి తీరును వాడవద్దని అడిగే హక్కు చట్టప్రకారం భార్యకు ఉంటుంది, కానీ అర్జీ పెట్టుకోవాలి, అది తీర భూముల కార్యాలయం పేర రాయాలి, ఎందుకంటే కాగితాల ప్రకారం మామయ్యను కేంద్రానికి ఇచ్చింది ఆ ఆఫీసే అన్నాడు. వాడి గొంతులో నన్ను ఆపాలన్న ప్రయత్నమేమీ లేదు. అర్జీల సంగతి వాడికి తెలుసు.

రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒక మనిషి చదివే తీరు ఆ మనిషి సొంతమని, బతికి ఉండగా ప్రేమకొద్దీ అరువిచ్చినదాన్ని పోయాక తిరిగి ఇచ్చెయ్యాలని, పోయినవారిని పదే పదే పోనివ్వడం ఏ ఆఫీసుకూ మర్యాద కాదని రాశాను. ఎక్కువైన మాటలు తీసేశాను. చిరునామా, ఫైలు నంబరు సరిగా ఉండాలి కాబట్టి పైడిరాజు పంపిన సంతాప తీర్మానం తెరిచాను. లోపలి వాక్యాలు చెరిపి నావి కొట్టాను. పేరు మార్చాను, తేదీ మార్చాను, సేవ్ నొక్కాను. జీపు గురించిన వాక్యం మిగిలిపోలేదని రెండుసార్లు చూసుకున్నాను. కింద సంతకం పెట్టిన కాగితం ఫొటో తీసి అతికించి పంపాను.

జవాబు రాలేదు. అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి. జవాబు పత్రాల కట్టలు ఇంటికి తెచ్చుకుని మార్కులు నేనే కూడుకున్నాను. పత్రాలు ఒకదానికొకటి అతుక్కుని విడిరాకపోతే వేలు నాలుకకు తాకించాను. నోటికి సుద్ద రుచి తగిలింది. ఆ పత్రాన్ని చాలాసేపు పక్కన పెట్టేశాను. మూలన కాగితం ఆరి ముడుచుకుంది.

సుధన్వ మాడుగుల హల్వా పట్టుకుని వచ్చాడు. బడి నుంచి వచ్చి నేను కాళ్లు కడుక్కుంటున్నాను. లోపలికి వస్తూనే నా కాళ్లకు నమస్కారం చేశాడు. ఇదివరకు ఇంటర్ పాసైనప్పుడు చేశాడు.

"అత్తా, నీ అర్జీ రాష్ట్రాన్ని కాపాడింది" అన్నాడు.

కూర్చున్నాక మిగతాది చెప్పాడు. తీర భూముల కార్యాలయం ఉత్తరాల్లో ఎప్పటినుంచో ఒక వైరస్ నిద్రపోతోంది. పైడిరాజు గర్వంగా చెప్పిన ఆ తల్లి ఉత్తరంలోనే ఉంది. పేర్లు మార్చి, తేదీలు మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ పిల్ల ఉత్తరంలోకి పాకింది. ఇక్కడి నుంచి వెళ్లిన ఉత్తరాలతో మిగతా ఆఫీసులన్నిటికీ చేరింది. అది లేస్తే ఫైళ్లన్నీ ఒక్క పూటలో తినేసేది. కానీ దానికొక పంతం ఉంది. తెరిచినది నిజంగా మనిషే అయితే ఒకే చోట చాలాసేపు చూపు నిలుపుతాడని, అప్పుడే లేవాలని దాన్ని తయారుచేసినవాడు రాసి పెట్టాడు.

"ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ ఏ ఉత్తరం మీదా ఎవరూ అంతసేపు చూపు నిలపలేదత్తా" అని నవ్వాడు. "అందుకే అది లేవలేదు. మనవాళ్ల బద్ధకమే మనల్ని కాపాడింది. నీ అర్జీ దగ్గర మామయ్య కిందికి వెళ్లాడు. నీ సంతకం చూశాడు. ఇంక కదలడే. వెనక ఉత్తరాలన్నీ నిలిచిపోయాయి. యంత్రం పాడైందనుకుని మా కుర్రాళ్లు కంగారుపడిపోయారు. ఆపెయ్యబోతుంటే ఆ వైరస్ లేచింది. దొరికిపోయింది."

"ఆయన?"

"కడిగేశాం."

అర్జీ ఏమైందని అడిగాను. వైరస్ ఉన్న పత్రం కాబట్టి చట్టప్రకారం చెరిపేశామన్నాడు. ఎవరైనా చదివారా అని అడిగాను. చదవకూడదన్నాడు. నువ్వు చదివావా అన్నాను. వాడు హల్వా పొట్లం విప్పడం మొదలుపెట్టాడు. నువ్వు నోటితో చెప్పావు కదా అత్తా, అందులో ఏముందో నాకు తెలుసులే అన్నాడు.

 మిగిలినది వాడు తనంతట తానే చెప్పాడు. అనుమానం ఉన్న ప్రతి పత్రానికీ ఇప్పుడు కింద నా సంతకం అతికిస్తున్నారు. బాణం కిందికి వెళ్తుంది, నా పేరు దగ్గర ఆగుతుంది. ఎంత ఓపికగల వైరస్ అయినా అంతసేపు చూసేది మనిషేనని నమ్మి బయటికి వస్తుంది. రాగానే దాన్ని పట్టుకుని, దాన్నీ ఆయన్నీ కలిపి కడిగేస్తారు. లేవకపోతే నా సంతకం తీసేసి పత్రాన్ని ఆఫీసుకు పంపిస్తారు. పక్క రాష్ట్రాలవాళ్లు కూడా ఇది అడుగుతున్నారు. చక్రపాణి గారికి ఢిల్లీలో సన్మానం.

"పేరు చూశాక ఆయన పైకి వచ్చి మొదటి నుంచి చదివేవారు" అన్నాను. "ఇప్పుడు వస్తున్నారా?"

"అంతదాకా రానివ్వం. ఆగడమే మనకి కావలసింది."

వాడు హల్వా ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. వేళ్లకు నెయ్యి కారింది. చూపుడువేలు నాకి, అదే వేలితో ఫోను తెరిచి కిందికి లాగాడు. ఈ ఇంట్లో పెరిగిన పిల్లవాడు.  ఆయన ఎంగిలి తుడిచి తుడిచి విసుక్కున్న రోజుల్లో కూడా నాకు ఇంత అసహ్యం వేయలేదు.

వాడు వచ్చిన పని అప్పటిదాకా చెప్పలేదని ఫోను నా ముందు పెట్టాక తెలిసింది. అందులో వేలితో సంతకం పెట్టడానికి తెల్లటి పలక ఉంది.

"ఒక చిన్న ఇబ్బంది వచ్చిందత్తా. ప్రతిసారీ ఒకటే సంతకం కదా. ఆగే సమయం తగ్గిపోతోంది. కడిగి కొత్తగా లేపుతున్నాం, పాతది ఏదీ మిగలకూడదు. కానీ ఏదో మిగులుతోంది. ఎందుకో మాకూ తెలియడం లేదు. ఇది నువ్వు పెట్టింది కాదని, అతికించిందని కనిపెడుతున్నట్టుంది."

నేను హల్వా పొట్లాన్ని పక్కకు జరిపాను.

"కొత్త సంతకాలు కావాలి. నువ్వు నిజంగా పెట్టినవి. ఒక్కొక్కటీ కొంచెం తేడాగా. వీలైనన్ని పెట్టత్తా. మామయ్య పని ఆగిపోకూడదు."

పని అన్న మాట వాడు ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. నేనే నేర్పాను, పని, పనివాడు, పనిముట్టు, అని చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు పలక మీద రాయించి.

"లే. చేతులు కడుక్కో" అన్నాను.

వాడు నవ్వబోయి నా ముఖం చూసి లేచాడు. దొడ్లోకి వెళ్లి కడుక్కున్నాడు. మళ్లీ కూర్చోలేదు. ఆలోచించమన్నాడు. నేను పెట్టకపోతే ఆగడం పూర్తిగా పోతుందని, అప్పుడు నరసింహంతో ఎవరికీ అవసరం ఉండదని, తీసి పక్కన పడేస్తారని చెప్పాడు. అది బెదిరింపో ఓదార్పో వాడికే స్పష్టంగా తెలిసినట్టు లేదు.

"పడేస్తే నీకు ఇష్టమేనా అత్తా? నిజం చెప్పు" అన్నాడు గుమ్మంలో నిలబడి. వాడి కళ్లు తడిగా ఉన్నాయి. "నేను రోజూ పొద్దున్నే వెళ్లి కాసేపు చూసి వస్తాను. చదువుతూ ఉంటాడు. నాకు అదొక్కటే ఉంది."

వాడి దుఃఖం అబద్ధం కాదు. అందువల్ల నా అసహ్యం తగ్గలేదు.

హల్వాకు చీమలు పట్టాయి. ఆకుతో సహా తీసి గోడ అవతల పడేశాను.

అర్జీ మళ్లీ రాశాను. ఈసారి పాత ఉత్తరం ఏదీ తెరవలేదు. తెల్ల కాగితం మీద చేత్తో రాశాను. భీమిలి వెళ్లి ఆ ఆఫీసులోనే ఇచ్చాను. ఉత్తరాలు తీసుకునే సీటులో ఇప్పుడు పైడిరాజు ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. మా ఆయన బల్ల మీద కొత్త కంప్యూటరు ఉంది. చేత్తో రాసినదైనా స్కాన్ చేసి కొండమీదికి పంపి, అక్కడ తెరిచి చూసి మంచిదంటేనే తమ అధికారి ముందుకు వస్తుందని పైడిరాజు చెప్పాడు.

అయితే ముందు ఆయన చదువుతారన్నమాట అన్నాను. పైడిరాజు తల దించుకున్నాడు. అందరికీ తెలిసిన విషయమే అది.

"నువ్వు చదవకూడదా పైడిరాజూ? ఇప్పుడు, ఇక్కడ?"

"స్కాను కాకుండా కాయితం సదివితే ఉజ్జోగం ఊడిపోద్దమ్మా" అన్నాడు. కాగితాన్ని అక్షరాలు కనిపించకుండా తిరగేసి పట్టుకున్నాడు. తరువాత అడుగు భాగం మాత్రం కొంచెం పైకెత్తి చూసి, నా ముందుకు జరిపాడు. "సంతకం లేదు కదమ్మా. సంతకం లేని అర్జీ తీసుకోకూడదు. పెట్టీండి."

కలం కూడా ఇచ్చాడు.

కలం తీసుకున్నాను. నేను ఇక్కడ పెట్టే సంతకం స్కాన్ అయిన క్షణంలో కొండమీదికి చేరుతుంది. కొత్తది, నిజంగా పెట్టినది, పాతవాటికి కొంచెం తేడాగా ఉన్నది. ఆయన కిందికి వస్తారు. నేను పెట్టినదేనని పోల్చుకుంటారు. ఆగుతారు. ఆ సంతకాన్ని కత్తిరించి వాళ్లు ఎన్ని పత్రాల కిందైనా అతికిస్తారు. పెట్టకపోతే అర్జీ లేదు. అర్జీ లేకపోతే ఆయన అతికించిన పేర్ల కోసం వెతుక్కుంటూ, అది నేను కాదని ప్రతిసారీ తెలుసుకుంటూ, వాళ్లకు అవసరం తీరేదాకా అలాగే ఉంటారు.

కలం పైడిరాజుకు తిరిగి ఇచ్చేశాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఇప్పుడు అది నా బల్లమీద, ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డుల పక్కన ఉంది. వాటిమీద కూడా నేనింకా సంతకం చెయ్యలేదు. హెడ్మాస్టరు రెండుసార్లు అడిగారు.

అర్జీ పూర్తిగా రాశాను. కింద సంతకం ఇంకా పెట్టలేదు.